పడవల మరకలు తీసే మంజుల

మంజుల మరకను చూడగానే నీళ్లు పోయదు. ముందు వేలితో తడుముతుంది, గోటితో గీకుతుంది, ఆ గోరును ముక్కు దగ్గర పెట్టుకుంటుంది. తర్వాతే ఏ సీసా తీయాలో ఆలోచిస్తుంది. చూసేవాళ్లకు నవ్వొస్తుంది కానీ ఆమె పట్టించుకోదు. ఈ అలవాటు ఆమెకు సిరిసిల్లలో, పద్నాలుగేళ్ల వయసులో పట్టుకుంది.

అక్కడ మరమగ్గాలను సాంచెలంటారు. మంజుల వాళ్ల బాపు, సాంచెలు పెట్టిన ఒక ఆసామి దగ్గర వాటిని నడిపేవాడు. బడి మానేసిన ఏడాది మంజులను అదే షెడ్డులో బట్ట చూసే పనికి పెట్టారు. నేసిన తెల్ల బట్టను బల్ల మీద పరిచి, ఎక్కడ పోగు తెగింది, ఎక్కడ డాగు పడింది వెతకడం ఆ పని. డాగులకు లెక్కే ఉండేది కాదు. ఇనుప కడ్డీల తుప్పు, మిషను నూనె, తిరిగే బెల్టుల నుంచి రాలే నల్లటి రబ్బరు పొడి. వాటిని తీయడంలో చెయ్యి తిరిగిన మనిషి కనకవ్వ. అరవై దాటిన ఆ ముసలామె పక్కన మంజుల ఆరేళ్లు కూర్చుంది.

మొదటిరోజే మంజుల ఒక మరక మీద నిమ్మకాయ పిండింది. కనకవ్వ చెయ్యి పట్టి ఆపింది.

"ముందుగాల వాసన చూడు బిడ్డా. అది నూనెనా, ఇనుమా తెల్వకుండ పిండితె నిమ్మకాయ దండుగ."

తుప్పుకు నిమ్మరసం, ఉప్పు. నూనెకు ముందు సుద్దపొడి, ఆ తర్వాత సబ్బు. రబ్బరు నలుపు అన్నిటికన్నా మొండిది, దాన్ని రుద్దితే ఇంకా లోపలికి పోతుంది, అద్ది తీయాలి. ఇట్లా ఒక్కొక్కటీ మంజులకు వచ్చేసింది. పెళ్లయిన తర్వాత కూడా ఆ పనే చేసింది. భర్త పర్శరాములు కూడా సాంచెల మీదే పనిచేసేవాడు.

సాంచెలకు పని తగ్గిన రోజుల్లో పర్శరాములుకు కరీంనగర్‌లో కాపలా పని దొరికింది. మానేరు డ్యాం దగ్గర పడవలు నడిపే ఒక ప్రైవేటు ఏజెన్సీ ఉంది. ఒడ్డున రేకుల షెడ్డు, దాని పక్కన కాపలా మనిషికి ఒక గది. ఆలుమగలిద్దరూ అందులోకి మారారు. షెడ్డు ఊడ్చే పని మంజుల చేతికొచ్చింది. అప్పటికి ఆమెకు నలభై రెండేళ్లు. అంతవరకు పడవను దగ్గరి నుంచి చూసింది లేదు.

ఏజెన్సీకి తొక్కే పడవలు చాలా ఉన్నాయి కానీ అసలైనవి రెండే, తెల్లటి ఫైబర్ పడవలు. మామూలు రోజుల్లో వాటిలో సందర్శకులను తిప్పుతారు. వానాకాలంలో ఎక్కడైనా ఊళ్లు నీళ్లలో చిక్కుకుంటే, అధికారులు అడిగినప్పుడు, ఆ రెండూ జీపు వెనక ట్రైలరు మీద అక్కడికి పోతాయి. ట్రైలరుకు ఎనిమిది రబ్బరు రోలర్లు. పడవను నీళ్లలోంచి పైకి లాగేటప్పుడు అడుగు భాగం ఆ రోలర్ల మీదుగా దొర్లుకుంటూ వస్తుంది. అట్లా వచ్చిన ప్రతిసారీ తెల్లటి అడుగు మీద కాటుక పూసినట్టు నల్లటి చారలు పడేవి. పిల్లలను పడవ ఎక్కించే ముందు తల్లులు ఆ చారలు చూసి, పడవ పాతదా అని అడిగేవారు.

షెడ్డు సూపర్‌వైజర్ రామచంద్రం సుల్తానాబాద్ మనిషి. అంతకుముందు ఇరవై ఏళ్లు లారీల మెకానిక్. ఇంజను చప్పుడు విని జబ్బు చెప్పేవాడు కానీ, ఈ చారల ముందు ఓడిపోయాడు. మంజుల రాకముందు ఒక పనివాడు మరుగుదొడ్డి కడిగే యాసిడ్‌తో ఒక పడవను తోమాడట. నలుపు పోలేదు, మెరుపు పోయింది. యాసిడ్ పడినచోట తెలుపు సుద్దలా పాలిపోయింది. అప్పటి నుంచి రామచంద్రం ఎవరినీ అడుగు ముట్టనివ్వలేదు.

మంజుల రెండు నెలలు షెడ్డు ఊడుస్తూ ఊడుస్తూ ఆ చారలను చూసింది. ఒక రోజు వంగి గోటితో గీకి వాసన చూసింది. అది తనకు దాదాపు ముప్పై ఏళ్లుగా తెలిసిన వాసన. రామచంద్రం దగ్గరికి పోయి, వెనకవైపు నీళ్లలో మునిగే చోట, ఎవరికీ కనపడని చోట ఒక్క అరచెయ్యంత మేర తనకు వదిలిపెట్టమని అడిగింది. పాడైతే అది నీళ్ల కిందనే ఉంటుందని చెప్పింది. ఆ మాట ఆయనకు నచ్చింది.

ఆమె మెత్తటి దాంతో మొదలుపెట్టింది. గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే సబ్బు కలిపి పాత నూలు గుడ్డతో తుడిచింది. బురద, పాచి పోయాయి. నీటిగీత దగ్గర ఉప్పులా పేరుకున్న తెల్లటి పొరకు వెనిగర్ అద్ది పావుగంట ఆగింది, అదీ పోయింది. నలుపు మాత్రం కదల్లేదు. రెండో రోజు టర్పెంటైన్ అద్దితే సగం గుడ్డకు అంటింది. మూడో రోజు పెయింట్ల దుకాణం నుంచి అసిటోన్ తెప్పించింది. గుడ్డకు తడిచేసి ఒక్కసారి తుడవడం, గుడ్డను తిప్పడం, మళ్లీ ఒక్కసారి తుడవడం, వెంటనే నీళ్లతో కడగడం. నానబెట్టలేదు, గట్టిగా రుద్దలేదు. ఆరుబయట, చేతులకు తొడుగులతో, ముక్కుకు గుడ్డ కట్టుకుని చేసింది. పర్శరాములు ఏం జరుగుతుందో చూద్దామని బీడీతో వచ్చాడు. ఆ సీసా పెట్రోలు కన్నా తొందరగా అంటుకుంటుందని చెప్పి ఆమె అతన్ని గేటు దాకా వెనక్కి పంపింది. చివరికి కార్లకు పెట్టే పాలిష్‌ను చిన్నచిన్న సున్నాలుగా తిప్పి, పైన మైనం పట్టించింది.

రామచంద్రం కళ్లజోడు పెట్టుకుని వంగి చూశాడు. చేత్తో నిమిరాడు.

"కొత్తగ తెచ్చిననాడు గిట్లనే ఉండె," అన్నాడు. "మిగిలింది గూడ నువ్వే చెయ్యమ్మా."

వారం రోజుల్లో రెండు పడవలూ తెల్లబడ్డాయి. ఆ ఆదివారం వాటిని నీళ్లలోకి దింపారు. సాయంత్రం పైకి లాగితే మళ్లీ నల్లటి చారలు.

ఇక్కడే మంజుల ఒక తప్పు చేసింది. మురికి రోలర్లలో ఉందనుకుంది. ఎవరినీ అడగకుండా గ్యాసునూనెలో, అదే కిరోసిన్‌లో, గుడ్డ ముంచి ఎనిమిది రోలర్లనూ నిగనిగలాడేట్టు తుడిచింది. మరుసటి వారం పడవను లాగితే చారలు రెండింతలయ్యాయి. పైగా ముట్టుకుంటే జిగటగా చేతికి అంటుకుంటున్నాయి. ఆమె ఒక రోలరును వేలితో నొక్కింది. రబ్బరు ఉబ్బి, నానిన తోలులా మెత్తగా ఉంది.

రామచంద్రం ఇంకా చూడలేదు. ఆమే ఆయన దగ్గరికి పోయింది.

"తప్పు నాదే సార్. గ్యాసునూనె తాగి రబ్బరు మెత్తబడ్డది. అడుగును నేను మళ్ల కడుగుత. కానీ అసలు సంగతేందో నేను ఒక్కసారి చూడాలె. పడవను ఉత్తగనే దింపి, మళ్ల లాగుండ్రి."

ఆయనకు కోపం రావలసింది. కానీ తప్పు తానే వచ్చి చెప్పే మనిషిని ఆయన లారీల షెడ్లలో అరుదుగా చూశాడు. జీపు తీయించాడు.

మంజుల సుద్దముక్కతో ఒక్కో రోలరు మీద ఒక్కో గీత గీసి, పడవలు దింపే ర్యాంపు పక్కన గొంతుకూర్చుంది. పడవ నీళ్లలోంచి మెల్లగా పైకి వచ్చింది. అయిదు రోలర్ల మీద గీతలు తిరిగాయి. మూడింటి మీద గీతలు ఉన్నచోటనే ఉన్నాయి. ఆ మూడూ తిరగడం లేదు. పడవ వాటి మీద దొర్లడం లేదు, ఈడ్చుకుంటూ వస్తోంది. చారలు కూడా ఆ మూడింటికి ఎదురుగానే పడ్డాయి.

ఆమెకు ఇది కొత్త విషయం కాదు. సాంచె మీద నేసిన బట్టను చుట్టే రోలరు బిగుసుకుపోతే, బట్ట పొడవునా నల్లటి గీత పడుతుంది. ఆ గీతను ఎంత తోమినా లాభం లేదు, రోలరు తిరిగేట్టు చేయాలి. సాంచెల షెడ్డులో ప్రతి పిల్లకూ తెలిసిన సంగతే. పడవ కాబట్టి తనకు తట్టలేదు.

రామచంద్రం సుత్తితో ఇరుసు పిన్నులు కొట్టి ఆ మూడింటినీ విప్పాడు. లోపల తుప్పు, ఇసుక, జానెడు పొడవున చుట్టుకున్న చేపల వల దారం. అన్నీ గీకి శుభ్రం చేసి, గ్రీసు పిన్నుకు మాత్రమే పెట్టి, రబ్బరుకు అంటకుండా తుడిచి మళ్లీ బిగించారు. చారలు చాలావరకు తగ్గాయి. మెత్తబడ్డ రబ్బరు వల్ల కొంచెం మిగిలే ఉన్నాయి.

మంజుల తమ్ముడు సాయిచంద్ షార్జాలో పడవలు బాగుచేసే యార్డులో పనిచేస్తాడు. ఫోనులో మాట్లాడినప్పుడు ఆమె ఈ సంగతి చెప్పింది. తమ దగ్గర నల్ల రబ్బరు వాడరని, పసుపుపచ్చగా గట్టి ప్లాస్టిక్‌లా ఉండే రోలర్లుంటాయని, అవి మరక పెట్టవని చెప్పి అతను ఫొటోలు పంపాడు. ఆమె ఆ ఫొటోలతోపాటు ఇంకొకటి తీయించింది. పడవ అడుగును సగం తెల్లగా తుడిచి, సగం నల్లగా వదిలేసి తీసిన ఫొటో. రామచంద్రం అన్నీ కలిపి హైదరాబాద్ ఆఫీసుకు పంపాడు. నెల తిరక్కముందే పచ్చ రోలర్లు పార్సిల్‌లో వచ్చాయి.

ఆ వానాకాలం మొదలయ్యేసరికి పడవ అడుగు ఎక్కడ ఎట్లా ఉండాలో మంజులకు కంఠతా వచ్చింది. ఏ గీత రోలరుది, ఏ గీకుడు రాయిది, ఏ మచ్చ యాసిడ్ పోసిన నాటిది, అన్నీ తెలుసు.

జూలైలో మూడు రోజులు ఎడతెరిపి లేకుండా వాన పడింది. గోదావరి వైపు ఊళ్లలోకి నీళ్లు వచ్చాయని పిలుపొస్తే రెండు పడవలూ పోయాయి. మూడో రోజు పొద్దున ఒకటి తిరిగొచ్చింది, రెండోది ఇంకో ఊరి దగ్గరే ఉండిపోయింది. నడిపేవాడు సిద్దిరాములు, మెట్‌పల్లి దగ్గరి మనిషి. రెండు రోజులు నిద్రలేక కళ్లు ఎర్రబడి ఉన్నాయి. అరగంటలో పెట్రోలు పోసుకుని, నాలుగు ముద్దలు తిని మళ్లీ పోవాలి. వాగు అవతల ఒక గూడెంలో పదకొండు మంది చిక్కుకున్నారు, అందులో ఒక పచ్చి బాలింత ఉంది. రెవెన్యూ అధికారి ఒకాయన ట్రైలరు లాగే జీపు దిగకుండానే తొందరపెడుతున్నాడు.

ట్రైలరు మీదున్న పడవకు మంజుల నీళ్లు కొట్టడం మొదలుపెట్టింది. ఇప్పుడు కడగడం ఎందుకని ఎవరో అన్నారు. ఆమె నీళ్లు ఆపలేదు. బురద పోయాక, అడుగున పొడవునా ఉండే నడిమి దూలానికి పక్కగా జానెడు నల్లటి మరక కనిపించింది.

అక్కడ నలుపు ఉండకూడదు. ఆ చోటు ఏ రోలరుకూ తగలదు.

గుడ్డకు అసిటోన్ అద్ది ఒక్కసారి తుడిచింది. నలుపు పోయింది. అసిటోన్ రెప్పపాటులో ఆరిపోతుంది. చుట్టూ అంతా ఆరిపోయింది కానీ, మధ్యలో వెంట్రుకంత సన్నని గీత మాత్రం తడిగానే ఉండిపోయింది. మళ్లీ తుడిచింది. మళ్లీ అదే గీత, అంతే పొడవు. బొటనవేలితో పక్కన నొక్కితే గీతలోంచి చిన్న నీటి బొట్టు పైకి వచ్చింది.

సిద్దిరాములును పిలిచి చూపించింది. నీళ్ల కింద మునిగిన ట్రాక్టర్ ట్రాలీకి తగిలిందని, గీసుకుపోయి ఉంటుందని అతను చెప్పాడు. గీకుడైతే ఆరిపోవాలి, ఇది ఆరడం లేదని ఆమె అంది. ఈలోగా జీపు డ్రైవరు ఇంజను స్టార్ట్ చేశాడు. మంజుల పోయి జీపుకు ముందు నిలబడింది.

అధికారి జీపు దిగాడు. "ఏందమ్మా ఇది? అక్కడ మనుషులున్నరు, తెలుసా?"

"తెల్సు సార్. అందుకే చెప్తున్న, గీ పడవ పోవద్దు. అడుగు పగిలింది."

"నువ్వెవరు?"

"పడవలు తుడిచేదాన్ని సార్. గీ అడుగు నాకు నా అరచెయ్యి లెక్క తెల్సు. జర అయిదు నిమిషాలు ఇయ్యుండ్రి. నా మాట అబద్ధమైతె నేనే పక్కకు జరుగుత."

రామచంద్రం ఆమె పక్కకు వచ్చి నిలబడ్డాడు. అయిదు నిమిషాల్లో తేలిపోయే పరీక్ష ఉందని, పడవ లోపల నీళ్లు పోసి చూద్దామని అధికారికి చెప్పాడు. ఆయన గడియారం చూసుకుని తల ఊపాడు. పర్శరాములు, జీపు డ్రైవరు, ఇంకో ఇద్దరు బకెట్లతో లోపల నీళ్లు పోశారు. అందరూ వంగి అడుగు వైపు చూశారు. మొదట ఏమీ లేదు. కాసేపటికి ఆ గీత వెంట చెమట పట్టినట్టు బొట్లు వరసగా లేచాయి. లోపలికెక్కి ఆ చోట నిలబడమని మంజుల సిద్దిరాములుకు చెప్పింది. అతను కాలు మోపగానే గీత తెరుచుకుని, నీళ్లు సన్నని ధారగా కింద పడ్డాయి.

పదకొండు మందితో వరద మధ్యలో ఆ చోట బరువు పడితే ఏమవుతుందో అందరికీ అర్థమైంది.

షెడ్డులో ఒక పాత గాలిపడవ ఉంది, చిన్నది. నలుగురికి మించి పట్టరు. రామచంద్రం అప్పటికప్పుడు దానికి గాలి కొట్టించాడు. మంజుల దాని అతుకులన్నిటి మీదా సబ్బు నురుగు రాసి, ఎక్కడా బుడగలు రావడం లేదని చూసి, పోనిమ్మంది. పన్నెండు గంటలకు సిద్దిరాములు గూడెం చేరాడు. ఒక్క తడవలో రావలసిన వాళ్లను నాలుగు తడవలుగా తెచ్చాడు. మొదటి తడవ బాలింత, బిడ్డ, ఆమె అత్త వచ్చారు. మూడు గంటలకల్లా పదకొండు మందీ గట్టున ఉన్నారు.

సాయంత్రం సిద్దిరాములు షెడ్డుకు తిరిగొచ్చి మంజుల ఇచ్చిన చాయ తాగాడు. గ్లాసు కింద పెట్టి, "అక్కా, నేను గా పడవలోనే కూసునేటోన్ని," అన్నాడు. మంజుల ఇంకో గ్లాసు చాయ పోసింది.

వానలు తగ్గాక హైదరాబాద్ నుంచి ఫైబర్ పనివాడు వచ్చి ఆ చోట కోశాడు. లోపలి పొరలు జానెడు మేర విడిపోయి ఉన్నాయి, మధ్యలో నీళ్లు నిండి ఉన్నాయి. బయటి నుంచి దీన్ని కనుక్కున్నది ఎవరని అడిగాడు. రామచంద్రం మంజులను చూపించాడు. ఆ పనివాడు తన దగ్గరున్న మంచి పాలిష్ గుడ్డలు నాలుగు ఆమెకు ఇచ్చి పోయాడు.

ఆ నెల నుంచి ఊడ్చే పనికి వేరే మనిషి వచ్చింది. పడవ నీళ్లలోకి దిగే ముందు, నీళ్లలోంచి వచ్చిన తర్వాత అడుగు చూడటం మంజుల పని. ఆమె సరే అననిదే ట్రైలరు కదలదని రామచంద్రం గోడ మీద పెయింటుతో రాయించాడు. మొదటిసారి ఆ అక్షరాలు చూసినప్పుడు మంజులకు సిగ్గేసింది. రెండో రోజు నుంచి అటువైపు చూడకుండా, తన పని తాను చేసుకుంది.

మొన్న ఎండాకాలం ఆఖర్లో ఆమెను ఆదిలాబాద్ వైపు పిలిచారు. ఇచ్చోడ దాటాక లోపలికి ఒక చిన్న రిజర్వాయరు ఉంది. అదే ఏజెన్సీ అక్కడ కొత్తగా నాలుగు పడవలు పెట్టింది. వానలకు ముందు అక్కడి వాళ్లకు పని నేర్పి రమ్మన్నారు. రెండు రోజులకని సంచి సర్దుకుని బస్సెక్కింది.

తీరా పోయి చూస్తే అవి ఫైబర్ పడవలు కావు. ఇనుప రేకువి, నీలం రంగు వేసినవి. అక్కడ పనిచేసే కోమల అనే అమ్మాయి, ఈ అక్క వచ్చిందంటే అన్నీ ఇట్టే తెల్లబడతాయని అందరికీ చెప్పి పెట్టింది. నలుగురు చుట్టూ నిలబడి చూస్తున్నారు. మంజుల అలవాటుగా ఒక మూల, అరచెయ్యంత మేర అసిటోన్‌తో తుడిచింది. మరకతోపాటు నీలం రంగు కూడా గుడ్డకు వచ్చేసింది.

ఆమె గుడ్డను అందరికీ చూపించింది.

"నా మందు గీడ పనికి రాదు," అంది. "గీ పడవలు నాకు కొత్త. రంగేసిన మనిషి ఎవరో పిలువుండ్రి. ఆయనతోటి మాట్లాడినంకనే గుడ్డ తడుపుదాం."

రంగు వేసింది మొండయ్య అనే పెద్దమనిషి, గుడిహత్నూర్‌లో ఇనుప గేట్లకు, ట్రాక్టర్లకు రంగులు వేస్తాడు. ఆయన మాటలో సగం మరాఠీ. మంజుల ఒక్కో మాట రెండుసార్లు అడగాల్సి వచ్చింది. రంగు కింద ఎర్రమట్టిలా ఉండే, తుప్పు పట్టనివ్వని మందు ఎన్ని పూతలు వేశాడు, ఎన్ని రోజులు ఆరనిచ్చాడు, సబ్బునీళ్లకు ఆ రంగు తట్టుకుంటుందా, గీకుడు పడ్డ చోట ఎన్నాళ్లకు తుప్పు మొదలవుతుంది, అన్నీ అడిగింది. కోమలతో నోటుబుక్కులో రాయించింది. మొండయ్యకు మొదట విసుగేసింది. తన పని గురించి ఇంత వివరంగా ఎవరూ అడగలేదేమో, మధ్యాహ్నానికి ఆయనే ఇంటి నుంచి రంగు డబ్బాలు తెచ్చి చూపించాడు.

రెండు రోజులకని వెళ్లిన మంజుల అయిదు రోజులు అక్కడే ఉంది. పర్శరాములు ఫోను చేసి ఎప్పుడొస్తావని అడిగితే, ఇంకా నేర్చుకోవలసింది ఉందని చెప్పింది. నేర్పడానికి పోయి నేర్చుకోవడమేంటని అతను నవ్వాడు. ఆమె కూడా నవ్వి, బియ్యం డబ్బాలో పురుగు పట్టకుండా చూసుకోమని చెప్పి ఫోను పెట్టేసి, కోమలను తీసుకుని ర్యాంపు వైపు నడిచింది.